వినోదవనమున బిడ్డతో ఒక దినము

డౌన్ సిండ్రోమ్‌తో జన్మించిన బిడ్డను పెంచుచున్న తల్లిదండ్రులు హృద్రోగ వైద్యుని కడకు, మాటలు నేర్పు చికిత్సకు, ఫిజియోథెరపీకి, ప్రత్యేక పాఠశాలకు ఎంత దూరమైనను, ఎంత వ్యయమైనను వెనుదీయక తిరుగుచుందురు. కాని సంక్రాంతికి బంధువులు కూడినప్పుడో, సెలవులు వచ్చినప్పుడో, పిల్లలనందఱిని ఒకనాడు థీమ్ పార్కునకు తీసికొని పోవుదమన్న మాట పుట్టినంతనే ఆ యింట ఒక సంకోచము తలయెత్తును. "వాడికేం తెలుస్తుంది నాయనా, అంత డబ్బు పోసి!" అని మేనత్త యనును. "అంత జనంలో మొండికేస్తే పట్టుకోగలమా?" అని పెదనాన్న యనును. వీరిలో ఎవ్వరికిని ఆ బిడ్డపై ప్రేమ తక్కువ గాదు. అయినను తుదకు తక్కిన పిల్లలు కారెక్కుదురు. ఈ బిడ్డ నాయనమ్మతో ఇంట నిలిచిపోవును. ఆ బిడ్డను కూడ కారెక్కించి, క్షేమముగ త్రిప్పి, సంతోషముతో ఇంటికి చేర్చుట యెట్లో చెప్పుటకే ఈ యధ్యాయము.

ఆటయు, విహారమును వికలాంగ బాలలకు దయతలచి పెట్టు భిక్ష గావు. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదింపగా 2007లో భారతదేశము ధ్రువీకరించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక, తన 30వ అధికరణమున, వికలాంగ బాలలకు ఆటపాటలయందును, విరామకాల వినోదములయందును తోడి బాలలతో సమానమైన ప్రవేశము ఉండవలెనని శాసించినది. మన పార్లమెంటు 2016లో చేసిన దివ్యాంగుల హక్కుల చట్టము 29వ సెక్షను కూడ సాంస్కృతిక జీవనమున, వినోద కార్యక్రమములలో వారికి సమానమైన పాలు కల్పించు చర్యలను ప్రభుత్వములపై బాధ్యతగ నుంచినది. కనుక మీరు బిడ్డ చేయి పట్టుకొని పార్కు ద్వారమున నిలిచినప్పుడు ఎవరినో బ్రతిమాలుకొనుటకు నిలిచినవారు గారు. టికెట్టు కొని లోనికి పోవు ప్రతి కుటుంబము వలెనే మీరును నిలిచియున్నారు.

ఇక బిడ్డ స్థితిని గుఱించి, ఈ ప్రయాణమునకు కావలసినంత మేరకు చెప్పుకొందము. మానవశరీరమందలి కణములలో సామాన్యముగ 23 జతల క్రోమోసోములుండును. 21వ జతలో రెంటికి బదులు మూడు చేరుట వలన కలుగునదే డౌన్ సిండ్రోమ్. 1866లో జాన్ లాంగ్డన్ డౌన్ అను ఆంగ్ల వైద్యుడు దీని లక్షణములను వర్ణించెను; దాదాపు శతాబ్దము గడచిన పిమ్మట, 1959లో, జెరోమ్ లెజ్యూన్, మార్త్ గోతియే మున్నగు ఫ్రెంచి పరిశోధకుల కృషి వలన దీని కారణము లోకమునకు వెల్లడి యయ్యెను. ఈ బిడ్డలకు కండరముల బిగువు తక్కువ, కీళ్ళను కట్టియుంచు బంధనములు వదులు; అందుచే తోడి పిల్లలు పరుగులు తీయుచున్నంత సేపును వీరు నడువలేరు. కంటితో చూచిన దానిని త్వరగ గ్రహించి చిరకాలము నిలుపుకొందురు గాని, చెవితో విన్న పొడుగు వాక్యము వీరి మనస్సున నిలుచుట కష్టము. అన్నింటికంటె ముఖ్యముగ, వీరికి తెలియుటకును, తెలిసినదానిని నోట చెప్పగలుగుటకును నడుమ దూరము మిక్కిలి పెద్దది. ఆ దూరమును ఎఱుగనివారే "వాడికేం తెలుస్తుంది" అందురు. రంగులరాట్నము దిగిన బిడ్డ ఒక్క మాటయు చెప్పకపోవచ్చును. ఆర్నెల్ల తరువాత పత్రికలో రాట్నము బొమ్మ చూచి, దానిపై వ్రేలు పెట్టి మీ ముఖము వంక చూచును.

అన్నింటికంటె ముందుగ మెడను గుఱించి హెచ్చరింపవలసియున్నది, ఏలయనగా ఈ యధ్యాయమున ప్రాణముతో ముడివడిన విషయమిదియే. శిరస్సును మోయు మొదటి రెండు వెన్నుపూసలను బంధించి యుంచు బంధనములు ఈ బిడ్డలలో కొందఱికి మఱింత వదులుగ నుండును. తల హఠాత్తుగ ముందునకో వెనుకకో విసరబడినచో ఆ యెముకలు స్థానము తప్పి, వాని నడుమ సాగు వెన్నుపామును నొక్కు ప్రమాదము కలదు. ఒక్కసారి ఎక్స్‌రే తీయించి నిశ్చింతగ నుండవచ్చునా యని చాలమంది తల్లిదండ్రులు అడుగుదురు. అమెరికా శిశువైద్య అకాడమీ 2011లోనే, ఎట్టి బాధయు కనబడని బిడ్డలకందఱికి ఎక్స్‌రే తీయించు పద్ధతిని సిఫారసు చేయక, లక్షణములను సదా కనిపెట్టియుండుడని తల్లిదండ్రులకును వైద్యులకును సూచించినది. మెడ నొప్పి, తలను ఒక ప్రక్కకే వాల్చి యుంచుట, నిన్నటివఱకు చక్కగ నడచిన బిడ్డ తడబడుట, చేతులలో పట్టు తగ్గుట, అలవడియున్న మలమూత్ర నియమము తప్పుట, వీనిలో ఏదైనను క్రొత్తగ కనబడినచో, పార్కు మాట కట్టిపెట్టి ఆ దినమే వైద్యుని చూడవలెను. లక్షణములేవియు లేకున్నను, ప్రయాణమునకు ముందు మీ శిశువైద్యునితో ఏయే ఆటలు ఎక్కింపదలచితిరో పేరుపేరున చెప్పి ఆయన మాట వినుడు. "పార్కుకి తీసుకెళ్ళవచ్చా డాక్టరుగారూ?" అని యడిగినచో "తీసుకెళ్ళండి" అనియే ఆయన యనును, "తల క్రిందులుగ త్రిప్పు రోలర్ కోస్టర్ ఎక్కింపవచ్చునా?" అని యడిగినప్పుడే ఉపయోగపడు జవాబు వచ్చును.

లక్షణములు లేని బిడ్డను రోలర్ కోస్టర్ ఎక్కించిన నేమి యని వాదించువారు కలరు. నా మతమున అది వలదు. ఎత్తునుండి ఒక్కసారిగ జాఱవిడుచు స్తంభములు, తల క్రిందులు చేయు బండ్లు, ఒండొంటిని గ్రుద్దుకొను డ్యాషింగ్ కార్లు ఈ బిడ్డ సంతోషమునకు అవసరమైనవి గావు. వానివలన కలుగు ఆనందమునకంటె వాని వెనుక నున్న భయము పెద్దది. డ్యాషింగ్ కారు నేలమీదనే తిరుగును గదా యని ఉపేక్షింపరాదు, వెనుకనుండి తగులు దెబ్బకు మెడయే మొదట అదరును. గంతులు వేయు ట్రాంపొలిన్ విషయమున పైని చెప్పిన అకాడమీ మఱింత స్పష్టముగ, ఆరేండ్లలోపు ఏ బిడ్డయు దానిని ఎక్కరాదని, అంతకు పెద్దవారైనను శిక్షణ పొందినవారి ప్రత్యక్ష పర్యవేక్షణలోనే ఎక్కవలెనని చెప్పినది.

గుండెను గుఱించి కూడ ఒక మాట. ఈ బిడ్డలలో ఇంచుమించు సగముమందికి పుట్టుకతోనే హృదయ లోపముండును. అనేకులకు శైశవముననే శస్త్రచికిత్స జరిగియుండును. శస్త్రచికిత్స జరిగినది గావున గండము గడచినదని తల్లిదండ్రులు తలచుట సహజమే. అయినను "గుండె జబ్బు గలవారు ఎక్కరాదు" అని బోర్డు పెట్టిన ఆటకు మీ బిడ్డ అర్హుడో కాదో హృద్రోగ వైద్యుడు మాత్రమే చెప్పగలడు.

మఱియొక చిక్కు ఎత్తును బట్టి వచ్చును. పార్కులవారు వయస్సును గాక ఎత్తును చూచి ఆటలకు అనుమతింతురు. డౌన్ సిండ్రోమ్ గల బిడ్డలు సహజముగ పొట్టిగ నుందురు. అందుచే పండ్రెండేండ్ల అక్కను నిలిపివేసి, తొమ్మిదేండ్ల తమ్ముని లోనికి పంపు సందర్భము రావచ్చును. ఆ దృశ్యము అక్కడ, అందఱియెదుట, హఠాత్తుగ ఎదురైనచో ఆ యమ్మాయి మనస్సు నొచ్చును, తమ్ముడును నలిగిపోవును. పార్కువారి వెబ్‌సైటులో ఆయా ఆటలకు కావలసిన ఎత్తు వ్రాసియుండును. దానిని చూచి, ఇంటి గోడపై సుద్దముక్కతో గీత గీసి, పిల్లలిద్దఱిని నిలువబెట్టి కొలుచుడు. "ఇది తమ్ముడి ఆట, ఇది నీ ఆట, ఇది ఇద్దరిదీ" అని ముందే తేల్చియుంచిన ఇంటివారికి ద్వారముకడ కన్నీళ్ళు తక్కువ. ఎత్తు చాలినంత మాత్రమున ఆట తగినదని కూడ అనుకొనరాదు. తొడలపై వాలు కడ్డీ యొక్కటే ఆధారముగ గల బండిలో, నడుమును నిటారుగ నిలుపుకొనలేని బిడ్డ ప్రక్కకు జాఱిపోవును. బిడ్డ కుర్చీలో ఆనుకొనక ఎంత సేపు కూర్చుండగలదో తల్లికి తెలిసినట్లు ఏ బోర్డునకు తెలియదు.

వీనినన్నింటిని విడిచిన పిమ్మట మిగులునదేమి? చాల మిగులును. రంగులరాట్నము, పిల్లల రైలుబండి, నెమ్మదిగ సాగు పడవ, మూసియున్న గదులలో కూర్చుండి మెల్లగ తిరుగు జెయింట్ వీల్, మోకాలిలోతు నీటి మడుగు, తోలుబొమ్మలు, ఇంద్రజాలము, నృత్యప్రదర్శనలు. సంగీతము విన్నంతనే కాళ్ళు కదిపి, చూచిన అభినయమును అక్కడికక్కడ అనుకరించు శక్తి ఈ బిడ్డలలో చాలమందికి కలదు. కోట్లు పెట్టి కట్టిన బండ్లకంటె వేదికపై నాట్యమాడు నలుగురు కళాకారులు వారికి ఎక్కువ ఆనందము నొసగిన సందర్భములు నేనెఱుగుదును. అలల కొలను మాత్రము చేయి పట్టుకొన్నను క్షేమము గాదని నా యభిప్రాయము. చెవిలో గొట్టములు వేయించుకొన్న బిడ్డను నీటిలోనికి దింపుటకు ముందు చెవి వైద్యుని అడుగుడు. వినికిడి యంత్రమును తీసి డబ్బాలో భద్రపఱచుడు. కళ్ళజోడును తలచుట్టు పట్టీతో కట్టుడు.

ఏ పార్కు, ఏ కాలము అన్నది తరువాతి ప్రశ్న. హైదరాబాదు చుట్టుపట్ల నున్నవారికి రెండు పేర్లు వెంటనే స్ఫురించును. విజయవాడ రహదారిపై అబ్దుల్లాపూర్‌మెట్ కడ 1996లో ఆరంభమై, ప్రపంచమున పెద్దదైన చలనచిత్ర నిర్మాణ సముదాయముగ గిన్నిస్ పుస్తకమున కెక్కిన రామోజీ ఫిల్మ్ సిటీ ఒకటి; ఔటర్ రింగ్ రోడ్డు దాపున, రావిర్యాలలో 2016లో తెఱచిన వండర్‌లా మఱియొకటి. మొదటిదానిలో బస్సులలో త్రిప్పి చూపు సెట్టులు, వేళకు జరుగు ప్రదర్శనలు ఎక్కువ. రెండవదానిలో వేగముగ త్రిప్పు యంత్రములు, నీటి జారుడుబల్లలు ఎక్కువ. మెడ విషయమున జాగ్రత్త పడవలసిన బిడ్డకు, మొదటిసారిగ, ప్రదర్శనలు ఎక్కువగ నున్న చోటే మేలని నేననుకొందును. కాని అక్కడ దూరములు పెద్దవి, బస్సు ఎక్కుట దిగుట తఱచు, కనుక నడక విషయమున ఏర్పాటు కావలెను. అంతకు ముందు అలవాటునకై ఊరి తిరునాళ్ళలో, జనము పలుచగ నుండు మధ్యాహ్నపు వేళ, చేతితో త్రిప్పు రాట్నము ఒక్కటి ఎక్కించి చూచుడు. విశాఖవాసులకు కైలాసగిరిపై చుట్టి వచ్చు రైలుబండి కలదు. ఆ చిన్న విహారము వలన బిడ్డ దేనికి బెదరునో, దేనికి మురియునో తెలిసిపోవును. కాలము మాటకు వచ్చినచో, మన ప్రాంతముల మే నెల యెండ ఆరోగ్యవంతునకే దుస్సహము. కార్తికము మొదలు మాఘము వఱకు గల చలువ దినములలో, పండుగ సెలవులు గాని, శని యాదివారములు గాని కాని యొక పనిదినమున పోవుట ఉత్తమము. బడి ఒకనాడు తప్పిన తప్పినది.

బిడ్డ కంటితో నేర్చుకొనునని చెప్పితిని గదా, సన్నాహమంతయు ఆ కంటికే జరుగవలెను. పార్కు ద్వారము, సంచి తనిఖీ, క్యూ, రాట్నము, భోజనశాల, మరుగుదొడ్డి, తిరిగి కారు, ఇల్లు, ఈ క్రమములో ఫోటోలు సంపాదించి అట్టముక్కల కంటించి చిన్న పుస్తకముగ కుట్టుడు. ప్రయాణమునకు వారము ముందునుండి రాత్రి నిద్రపుచ్చునప్పుడు ఆ పుస్తకమును కథగ చదువుడు. "ముందు తనిఖీ, తరువాత రాట్నం" అను రెండు ముక్కల వాక్యము వీరికి అందును. "తనిఖీ అయ్యాక, నువ్వు అల్లరి చెయ్యకుండా ఉంటే, అన్నయ్య వచ్చిన తరవాత రాట్నం దగ్గరికి వెళ్దాం" అను వాక్యము గాలిలో కలిసిపోవును. పార్కులో ఒక ఆట ముగిసినప్పుడెల్ల ఆ బొమ్మను బిడ్డచేతనే త్రిప్పింపుడు. "ఇల్లు" అను చివరి బొమ్మ వచ్చుచున్నదని బిడ్డ తానే చూచుకొన్నచో, బయలుదేరు వేళకు వచ్చు రోదనము చాలవఱకు తగ్గును. ఇట్టి దృశ్యసాధనములను తయారుచేయుటలో సలహా కావలసినవారికి బడిలోని ప్రత్యేక ఉపాధ్యాయులు తోడ్పడుదురు. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో స్థాపితమై, మేధో వైకల్యము గలవారికై కృషి చేయుచున్న జాతీయ సంస్థ మన తెలుగువారి ముంగిటనే యున్నది.

క్యూలో నిలుచుట పెద్ద పరీక్ష. కాలమనునది ఈ బిడ్డలకు కంటికి కనబడని వస్తువు. "ఇంకో అరగంట" అన్న మాటకు వారి మనస్సులో రూపము లేదు. కనుక కుటుంబములో ఒకరు క్యూలో నిలిచి, మఱియొకరు బిడ్డతో నీడపట్టున కూర్చుండి, వంతు సమీపించినప్పుడు చేరుట మేలు. ఇట్లు చేయవచ్చునా యని ముందుగ అచటి సిబ్బందిని అడిగినచో తక్కిన జనముతో తగవు రాదు. బిడ్డ యొక్క యు.డి.ఐ.డి. కార్డును, అనగా ప్రభుత్వమిచ్చు దివ్యాంగ గుర్తింపు కార్డును, వెంట నుంచుకొనుడు. టికెట్టులో తగ్గింపు, ప్రత్యేక ద్వారము, చక్రాల కుర్చీ మున్నగునవి పార్కు పార్కునకు మాఱును గావున ఫోను చేసి ముందే కనుగొనుడు. నడువగలిగిన బిడ్డకు చక్రాల కుర్చీ యేల, పెద్దదానికి తోపుడుబండి యేల, నలుగురు ఏమనుకొందురు అన్న బిడియమును ఇంటనే విడిచి రండు. కాళ్ళ శక్తిని దారిలో వ్యయము చేయక ఆటకై దాచుటకే ఆ బండి.

ఎంత సన్నాహము చేసినను, నడుమ నొకచోట బిడ్డ దారిలో చతికిలబడి కదలనని కూర్చుండవచ్చును. దీనిని మొండితనమని లోకులందురు. అలసట, భయము, ఆట ముగిసినదన్న దిగులు, లౌడ్‌స్పీకరు హోరు, దాహము, వీనిలో ఏదో యొకటి అచట మాటకు బదులుగ వచ్చినదని గ్రహింపవలెను. అప్పుడు చేయరానిది ముందు చెప్పెదను: చేతులు పట్టి లాగి లేపరాదు, చంకలక్రింద చేతులుంచి హఠాత్తుగ ఎత్తరాదు, వదులైన కీళ్ళు తప్పును, మెడ విసురును. చేయవలసినది, మీరును ప్రక్కనే కూర్చుండుట. గ్రుక్కెడు నీరిచ్చి, పుస్తకములో రెండు బొమ్మలు చూపి, "రైలా? అన్నమా?" అని యడిగి, ఆగుడు. ఈ ఆగుట అత్యవసరము. విన్న మాట లోనికి పోయి అర్థమై జవాబుగ మాఱుటకు ఈ బిడ్డకు కొన్ని క్షణములు ఎక్కువ పట్టును. ఆ లోపల మీరు అదే ప్రశ్నను వేఱు మాటలతో అడిగినచో లెక్క మొదటికి వచ్చును. మనస్సులో పదివఱకు లెక్కపెట్టుకొనుడు. చుట్టును జనము మూగినను, చూచినను, చూడనిండు.

భోజనము, మరుగుదొడ్డి విషయములు చిన్నవిగ తోచును గాని దినము చెడుట సాధారణముగ ఇచటనే జరుగును. కొందఱు బిడ్డలకు గట్టి పదార్థములు నమలుట కష్టము, కొందఱికి గోధుమ పడదు. బయటి ఆహారమును లోనికి రానీయని పార్కులు కలవు గనుక, పెరుగన్నము, మెత్తని ఇడ్లీ వెంట తెచ్చుకొందుమని, వైద్యుని చీటీతో, ముందే అడిగి అనుమతి పొందుడు. అడుగకముందే నీరు త్రాగింపుడు, దాహము చెప్పలేని బిడ్డ అది. ఎదిగిన కుమార్తెతో తండ్రి యొక్కడే, ఎదిగిన కుమారునితో తల్లి యొక్కతే పోయినప్పుడు మరుగుదొడ్డి పెద్ద సమస్య యగును. దివ్యాంగులకై వేఱుగ నున్న గది యెచట గలదో లోనికి పోవుచునే కనుగొని, అవసరము కలుగక పూర్వమే ఒకసారి చూపియుంచుడు.

బిడ్డ తప్పిపోవుటను గుఱించిన భయము న్యాయమైనదే. ఆ యుదయమున ధరించిన దుస్తులతోనే ఒక ఫోటో తీసి ఫోనులో నుంచుడు. ముంజేతి పట్టీ లోపలి ప్రక్క మీ ఫోను నంబరు వ్రాయుడు, బిడ్డ పేరు పైకి కనబడరాదు, పేరు పెట్టి పిలిచినవారి వెంట ఈ బిడ్డలు పోవుదురు. ఐదుగురు పెద్దలున్నచోటనే బిడ్డ తప్పిపోవును, ప్రతివారును మఱియొకరు చూచుచున్నారని తలంతురు గావున. "ఇప్పుడు నేను చూస్తున్నాను", "ఇక నువ్వు చూడు బాబాయ్" అని నోరు విడిచి చెప్పి అప్పగించుకొనుడు. క్రొత్తవారినైనను కౌగిలించుకొను స్వభావము ఈ బిడ్డలలో కొందఱికి కలదు. దానికి బదులు రెండు చేతులు జోడించి నమస్కరించుట ఇంట నేర్పినచో అది మర్యాదయు నగును, రక్షణయు నగును.

తోడబుట్టినవారిని మఱువరాదు. ఆ దినమంతయు అక్కకో తమ్మునికో "వాణ్ణి చూస్తుండు" అను పని యప్పగించి, తల్లిదండ్రులు తేలికపడుట అన్యాయము. ఒక గంట తండ్రి ఆ పిల్లవానితో పెద్ద బండ్లు ఎక్కవలెను, తల్లి ఈ బిడ్డతో రాట్నము కడ నుండవలెను, పిమ్మట మాఱవలెను. ఆ గంట వానికి దొరికినచో తక్కిన దినమంతయు వాడు తానుగనే, ఎవరును చెప్పకయే, తన వారిని చేయి పట్టుకొని త్రిప్పును.

ఇక జనము చూపులు, సిబ్బంది నిరాకరణలు. ఒక పార్కులో జరిగినది చెప్పెదను, ఆ చోటు పేరుతో పని లేదు. పదేండ్ల బాలుని రాట్నపు గుఱ్ఱముపై కూర్చుండబెట్టబోవు తల్లిని అచటి యువకుడు ఆపి, "ఈ బాబుని ఎక్కించకూడదమ్మా, పడితే మా మీదికొస్తుంది" అనెను. ఆమె స్వరము పెంచలేదు. "ఎవరిని ఎక్కించకూడదో మీ బోర్డు మీద రాసుంటుంది కదా నాయనా, ఒకసారి చూపించు. అందులో మా వాడికి తగిలేది ఏదైనా ఉంటే మేమే దింపేస్తాం" అనెను. బోర్డుపై ఎత్తు కలదు, గుండెజబ్బు కలదు, గర్భిణీ స్త్రీలను గుఱించి కలదు. బాలుని ఆపదగినది ఏమియు లేదు. పై యధికారి వచ్చి చదివి, తండ్రి ప్రక్కన నిలుచునట్లు ఏర్పఱచి, బాలుని ఎక్కించెను. ఈ తల్లి నడత యందు నేర్వవలసిన వివేకము కలదు. అందఱికి సమానముగ వర్తించు భద్రతా నియమమును, అది మన బిడ్డను ఆపినను, మనము శిరసావహింపవలెను. బిడ్డ ముఖము చూచి అప్పటికప్పుడు కల్పించిన నియమమును మాత్రము, శాంతముగ, వ్రాతలో చూపుమని యడుగవలెను.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబములకు, వారిని చూడబోవు అమ్మమ్మ తాతయ్యలకు ఉపయోగించు సంగతి యొకటి. ఫ్లారిడాలోను, కాలిఫోర్నియాలోను గల డిస్నీ పార్కులలో, ఎదుగుదల లోపము వలన సాధారణమైన క్యూలో చిరకాలము నిలువలేనివారికి, వేఱొకచోట విశ్రమించి చెప్పిన వేళకు వచ్చు ఏర్పాటు కలదు. 2024లో దాని నియమములను బిగించిరి గావున, ప్రయాణమునకు ముందే ఇంటినుండి వీడియో ద్వారా వారితో మాట్లాడి, అది మీ బిడ్డకు వర్తించునో లేదో తేల్చుకొనుట మంచిది. టెక్సాసు రాష్ట్రపు శాన్ ఆంటోనియో నగరమున 2010లో తెఱచిన మోర్గాన్స్ వండర్‌లాండ్ కథ వేఱు. గోర్డన్ హార్ట్‌మన్ అను గృహనిర్మాత, వైకల్యముగల తన కుమార్తెతో తోడి పిల్లలు ఆడుటకు జంకుట చూచి, వైకల్యము గలవారును లేనివారును కలిసి ఆడుకొను వనమునే కట్టించెను. చక్రాల కుర్చీతో సహా ఎక్కగల రాట్నము అందు కలదు, వైకల్యము గలవారికి ప్రవేశరుసుము లేదు. ఒక తండ్రి సంకల్పము వలన అక్కడ నెగ్గినది, ఇన్ని కోట్లు పెట్టుబడి పెట్టగల మన తెలుగునాట ఏల నెగ్గరాదు?

నేను తల్లిదండ్రులకు మిక్కిలి నొక్కి చెప్పదలచినది టికెట్టును గుఱించి. అంత సొమ్ము పోసితిమి గదా, ప్రతి ఆటయు ఎక్కవలెను, ప్రతి ప్రదర్శనయు చూడవలెను, గేటు మూయు వఱకు ఉండవలెను అను తపన ఈ దినమునకు శత్రువు. ఆ తపనతోనే తల్లి తొందరపెట్టును, తండ్రి కోపగించును, బిడ్డ చతికిలబడును. మీ బిడ్డ ఒకే రైలుబండిని మరల మరల ఎక్కుదునన్నచో ఎక్కనిండు. ఎదుట కోట్లు విలువ చేయు కోట నిలిచియుండగ, ఫౌంటెను తుంపరలను చూచుచు ముప్పావుగంట కూర్చున్నచో కూర్చుండనిండు. పరిచయమైన దానిని మరల మరల అనుభవించుటలోనే వీరికి ధైర్యము కలుగును, ఆ ధైర్యము నుండియే క్రొత్తదానిపై చేయి చాచుదురు. మధ్యాహ్న భోజనమునకే అలసిపోయినచో, ఇంకను నవ్వుచున్నప్పుడే ఇంటికి మఱలింపుడు. ఏడ్పుతో ముగిసిన పది ఆటలకంటె నవ్వుతో ముగిసిన రెండు ఆటలు మేలు, ఏలయనగా మరుసటిసారి "పార్కు" అన్నంతనే బిడ్డ చెప్పులు వెదకునో, మంచముక్రింద దూరునో నిర్ణయించునది ఆ చివరి గంటయే.

ఇట్టి బిడ్డ ఇంట లేని పాఠకులు ఈ యధ్యాయమును ఇంతవఱకు చదివియుందురేని, వారికొక విన్నపము. క్యూలో మీ ముందు ఒక బిడ్డ దారికడ్డముగ కూర్చున్నచో, ఆ తల్లికి సలహా చెప్పక, "మెల్లగా రండమ్మా, మాకేం తొందర లేదు" అనుడు. మీ పిల్లలు వ్రేలు చూపి అడిగినచో నోరు మూయింపక, "వాడికి నేర్చుకోవడానికి కొంచెం ఎక్కువ సేపు పడుతుంది, నువ్వు వెళ్ళి పేరు అడుగు" అనుడు. మీ వీథిలోనో, మీ అపార్టుమెంటులోనో అట్టి బిడ్డ యొకరు తప్పక యుందురు. వచ్చు సెలవులలో మీ పిల్లలను పార్కునకు తీసికొని పోవునప్పుడు, ఆ యింటి తలుపు తట్టి, ఆ కుటుంబమును కూడ రమ్మని పిలువుడు.